రక్తశర్కర పరీక్షయందు జాతి భేదములు: మధుమేహ బాలలను గూర్చి భివండి తెలుగు నేతవారి దృష్టితో ఒక చారిత్రక పరిశీలనము

1. విషయ ప్రవేశము

ముంబయి నుండి నాసికకు పోవు రాజమార్గముపై, ఠాణా జిల్లా భివండి తాలూకాలో, మాన్కోలి యను గ్రామము కలదు. దాని చుట్టును నేడు గిడ్డంగులు బారులు తీరి యున్నవి. కొలది దూరముననే మరమగ్గముల పట్టణమగు భివండి యున్నది. ఉత్తర ప్రదేశము నుండి వచ్చిన అన్సారీ నేతగాండ్రును, తెలంగాణమునందలి కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నుండి వచ్చిన పద్మశాలీలును ఈ పట్టణమును నిలిపినవారిలో ముఖ్యులు. పద్మనగరమను పేటపేరే తెలుగు నేతవారి ఉనికిని చాటుచున్నది. వారు మరమగ్గమును సాంచె యందురు. పగటి పాళి, రాత్రి పాళి అని రెండు పాళ్ళుగా సాంచెలు నడచును. సాంచెపై గుడ్డ ఎన్ని మీటర్లు దిగిన అంత కూలి. కొలతయే జీవనాధారమైన జనము వారు.

అట్టి యింట ఒక బాలునకు మధుమేహము సోకినచో అచ్చట వేరొక కొలత అవసరమగును. అది రక్తములోని చక్కెర కొలత. ఆ కొలత యెవరికి అందినది, యెవరికి అందలేదు, అందినవారిలోనైనను అది అందరియెడ ఒకే సత్యమును చెప్పినదా అను ప్రశ్నలు నేడు వైద్యలోకమున చర్చింపబడుచున్నవి. పాశ్చాత్య దేశములలో ఈ చర్చ ‘జాతి భేదములు’ అను శీర్షిక క్రింద సాగుచున్నది. జాతి యను మాట ఆయా దేశములలో ఏమి చెప్పినది, ఏమి దాచినది అను విషయమును చరిత్ర క్రమమున పరిశీలించి, దానిని భివండి తెలుగువారి స్థితికి అన్వయించి చూచుట ఈ వ్యాసమున కుద్దేశము.

2. చీమల పరీక్ష నుండి బెనెడిక్టు ద్రవము వరకు

మధుమేహము మన దేశమునకు క్రొత్త వ్యాధి కాదు. చరకుడు ప్రమేహములను ఇరువదిగా విభజించెను. సుశ్రుతుడు ప్రమేహము సహజమనియు, అపథ్యనిమిత్తమనియు రెండు విధములని చెప్పెను. పుట్టుకతో వచ్చునది ఒకటి, ఆహార విహార దోషములచే వచ్చునది రెండవది. మొదటి దానిచే బాధపడువాడు కృశించి యుండుననియు, రెండవ దానిచే బాధపడువాడు స్థూలుడై యుండుననియు చెప్పుట గమనింపదగినది. నేటి వైద్యులు మొదటి రకము, రెండవ రకము అని చేయు విభాగమునకు ఇది ఛాయామాత్రముగా సరిపోవుచున్నది. రోగి మూత్రమునకు చీమలు పట్టుట వ్యాధి లక్షణముగా ప్రాచీనులు గుర్తించిరి. శర్కరను కనిపెట్టుటకు మానవుడు వాడిన మొదటి పరీక్ష అదియే. తెలుగునాట ప్రచారమొందిన బసవరాజీయము వంటి గ్రంథములును ప్రమేహ చికిత్సను విడువలేదు.

ఐరోపాలో 1674లో థామస్ విల్లిస్ మూత్రపు తీపిని వర్ణించెను. 1776లో మాథ్యూ డాబ్సన్ ఆ తీపి చక్కెరయే యని నిరూపించి, రక్తపు తేటయును తియ్యగా నుండునని చెప్పెను. కాని గృహస్థునకు అందుబాటులోనికి వచ్చిన రసాయన పరీక్ష 20వ శతాబ్ది ఆరంభమున స్టాన్లీ బెనెడిక్టు కూర్చిన నీలిద్రవము. ఐదు మిల్లీలీటర్ల ద్రవములో ఎనిమిది చుక్కల మూత్రము వేసి కాచినచో, చక్కెర లేనప్పుడు నీలముగానే యుండును. చక్కెర హెచ్చిన కొలది పచ్చన, పసుపు, నారింజ రంగులకు మారి తుదకు ఇటుకరంగు వచ్చును. మన దేశమున అనేక కుటుంబములలో స్పిరిటు దీపముపై ఈ పరీక్ష దశాబ్దములు నడచినది.

ఈ పరీక్షకు పెద్ద లోపము కలదు. రక్తములో చక్కెర వంద మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటిననే గాని మూత్రములోనికి దిగదు. అనగా హెచ్చును ఆలస్యముగా చూపును. తగ్గుటను ఎన్నడును చూపదు. ఇన్సులిను తీసుకొను బిడ్డకు చక్కెర తగ్గుటయే తత్‌క్షణ ప్రాణాపాయము. నీలిరంగు చూచి తల్లి సంతోషించు వేళ బిడ్డ స్పృహ తప్పుచుండవచ్చును.

3. రక్తమును కొలుచు విద్య

1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు, మాక్లియాడు, కాలిప్ అనువారి కృషిచే ఇన్సులిను లభించెను. 1922 జనవరి 11వ తేదీన లియొనార్డు థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు మొదటి సూది వేయబడెను. అంతకు పూర్వము ఈ వ్యాధి సోకిన బాలురు నెలలలో, లేదా ఒకటి రెండేండ్లలో మరణించుచుండిరి. ఇన్సులినుతో బ్రదుకు దొరికినది గాని, ఎంత మందు వేయవలెనో తెలియుటకు రక్తమును కొలువవలసి వచ్చినది.

ఆ కాలముననే హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆటో ఫోలిన్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు, వూ అను చైనా దేశీయునితో కలిసి 1919-20 నాట రక్తశర్కరను రంగుచే కొలుచు విధానమును స్థిరపరచెను. ఈ ఫోలిన్ విభాగముననే భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిరి. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన భాస్వర పరిమాణ విధానము లోకప్రసిద్ధము. ఫోలిన్-వూ పద్ధతియందును, ఫిస్కే-సుబ్బారావు పద్ధతియందును తుదకు కొలువబడునది మాలిబ్డినము నీలవర్ణమే. రక్తమును రంగుచే కొలుచు ఆ విద్యలో ఒక చీనీయునికి, ఒక తెలుగువానికి భాగము కలదు. కొలుచు విద్యకు జాతి అడ్డు రాలేదు. కొలువబడు రోగుల విషయమున అట్లు జరుగలేదు.

ఆంధ్ర జిల్లాలు మదరాసు రాష్ట్రములో నున్న దినములలో, 1948లో, మదరాసు స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టరు యం. విశ్వనాథన్ మధుమేహమునకు ప్రత్యేక చికిత్సాశాఖను నెలకొల్పిరి. అయినను ప్రయోగశాలలో రక్తము తీసి కొలుచుట అప్పుడప్పుడు మాత్రమే జరుగుచుండెను. నడుమ దినములు మూత్రపు రంగుపైననే గడచుచుండెను.

4. వ్యాధికి వేయబడిన జాతి ముద్ర

ఈ వ్యాధి ఏ జాతిదను ప్రశ్నకు గడచిన నూరేండ్లలో పలు జవాబులు చెప్పబడినవి. 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది మొదటను జర్మనీ, అమెరికా దేశముల వైద్యులు మధుమేహమును యూదుల వ్యాధిగా నెంచిరి. అదే కాలమున అమెరికాలోని నల్లజాతివారికి ఇది అరుదని తలచిరి. 1907లో ఎక్సిటర్ నగరమున జరిగిన బ్రిటిషు వైద్యసంఘ సమావేశమున ఉష్ణదేశముల మధుమేహముపై చర్చ జరిగినప్పుడు వంగదేశపు విద్యావంతుల సుఖజీవనము ప్రధాన విషయమయ్యెను. కొలది దశాబ్దములకే ఆ అభిప్రాయము తలక్రిందులయ్యెను. నల్లవారికి అరుదన్న వ్యాధి వారిలోనే అధికమని చెప్పవలసి వచ్చెను. ఈ మార్పులను చరిత్రకారిణి ఆర్లీన్ టక్‌మన్ 2020లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించిరి. ఒక జాతి రక్తము ముప్పదియేండ్లలో మారదు. మారినది చూచువారి దృష్టియు, పరీక్ష చేయించుకొనగల వారి సంఖ్యయు.

పేదదేశముల కృశించిన యువకులలో కనిపించు మధుమేహమునకును ఇట్టి చరిత్రయే కలదు. 1955లో హ్యూ-జోన్సు జమైకాలో దీనిని గుర్తించి ఆ ద్వీపపు పేరిట ‘జె’ రకమని వ్యవహరించెను. కటకము, వెల్లూరు మొదలగు చోట్ల భారతీయ వైద్యులును ఇట్టి రోగులను వర్ణించిరి. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోషకాహారలోప మధుమేహమను వర్గమును అంగీకరించి, 1999లో దానిని తొలగించెను. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దానిని ఐదవ రకముగా మరల గుర్తించెను. ధనిక దేశముల పట్టికలో గడి లేనందున పేదబాలుని వ్యాధి పేరు లేక పావు శతాబ్దము గడిపినది.

ఇక బాలుర మధుమేహమునకు మూలమగు జన్యువుల విషయమున, పుణె కె.ఇ.యం. ఆసుపత్రి, హైదరాబాదు సి.సి.యం.బి., ఎక్సిటర్ విశ్వవిద్యాలయములకు చెందిన శాస్త్రజ్ఞులు 2020లో ఒక పరిశోధన ప్రకటించిరి. ఐరోపీయుల ఆధారముగా కట్టిన జన్యుగణన భారతీయులలోను మొదటి రకమును గుర్తించుటకు పనికివచ్చుననియు, కాని ఐరోపాలో కంటె కొంచెము తక్కువగా పనిచేయుననియు వారు తేల్చిరి. అనగా భేదము లేకపోలేదు. కాని సామ్యమే అధికము.

5. కొలత ఇంటికి వచ్చిన విధము

1956లో అమెరికాలో మూత్రమున ముంచి చూచు పట్టీ వెలువడెను. 1965 నాటికి రక్తపు చుక్కతో చూచు డెక్స్‌ట్రోస్టిక్సు వచ్చినది. పెద్ద చుక్కను పట్టీపై నుంచి, ఒక నిమిషమునకు కడిగి, రంగుల పటముతో పోల్చవలెను. 1970లో ఆంటన్ క్లెమెన్సు నిర్మించిన యంత్రము ఆ రంగును చదివి అంకె చెప్పెను. అది వైద్యులకు, ఆసుపత్రులకు మాత్రమే అమ్మబడునది. రిచర్డు బెర్న్‌స్టీన్ అను ఇంజనీరు తానే రోగి. ఆయన భార్య వైద్యురాలగుటచే ఆమె పేరిట యంత్రమును తెప్పించుకొని, ఇంటనే దినమునకు పలుమార్లు కొలిచికొని, ఆ పద్ధతి ప్రయోజనమును చాటెను. 1978 నాటికి గృహపరీక్షను గూర్చి వైద్యపత్రికలలో వ్యాసములు వెలువడెను. ఇంటిలో వైద్యురాలు లేనివానికి ఆనాడు ఈ దారి తెరువబడలేదు.

1983 నుండి 1993 వరకు అమెరికా, కెనడాలలో జరిగిన మహాప్రయోగము రక్తశర్కర పరీక్ష విలువను నిర్ద్వంద్వముగా స్థాపించెను. 1,441 మంది మొదటి రకపు రోగులలో, దినమునకు నాలుగు మారులైనను కొలుచుకొని తదనుగుణముగా ఇన్సులిను తీసుకొన్నవారికి కంటిపొర వ్యాధి మొదలగుట 76 శాతము తగ్గెను. కాని ఆ రోగులలో నూటికి తొంబదికి పైగా శ్వేతజాతీయులు. వయస్సు పదుమూడు మొదలు ముప్పదితొమ్మిది వరకు. పదునెనిమిదేండ్లలోపు వారు 195 మంది మాత్రమే. పదుమూడేండ్ల లోపు పిల్లలు ఒక్కరును లేరు. లోకమునందలి బాలలందరికి ప్రమాణమైన ఫలితము ఇట్టి చిన్న గుంపు నుండి వచ్చినది.

1999లో చర్మము క్రింద తీగ నుంచి నిరంతరము చక్కెరను కొలుచు సాధనము అమెరికాలో అనుమతి పొందెను. 2014లో ఐరోపాలో చేతికి అంటించుకొను సులభ సాధనము వచ్చినది. వ్రేలు పొడుచు బాధ తగ్గెను. రాత్రివేళ తగ్గుదలను ముందుగనే హెచ్చరించు గంట కలిగెను.

6. ధనిక దేశముల లెక్కలు

ఈ సాధనములు వచ్చిన తరువాతనే జాతి భేదములు స్పష్టముగా లెక్కకు వచ్చినవి. అమెరికాలో పదివేలకు పైగా బాలరోగుల వివరములను పరిశీలించిన ఒక వ్యాసము 2015లో వెలువడెను. ఇన్సులిను పంపు వాడుచున్నవారు శ్వేతజాతి పిల్లలలో నూటికి 61, హిస్పానిక్ పిల్లలలో 39, నల్లజాతి పిల్లలలో 26. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు ఎ1సి అంకె క్రమముగా 8.4, 8.7, 9.6. తలిదండ్రుల ఆదాయము, చదువు మున్నగువాటిని లెక్కలోనికి తీసికొన్నను వ్యత్యాసము పూర్తిగా పోలేదు. 2021లో ఫిలడెల్ఫియా బాలల ఆసుపత్రి నుండి వెలువడిన పరిశోధనలో నిరంతర కొలత సాధనమును ఆరంభించినవారు శ్వేతజాతి పిల్లలలో 54 శాతము, హిస్పానిక్ పిల్లలలో 33 శాతము, నల్లజాతి పిల్లలలో 31 శాతము.

ఇంగ్లండులో చికిత్స ప్రభుత్వముదే. అయినను అచ్చటి జాతీయ లెక్కలలో నల్లజాతి పిల్లలును, పేదపేటల పిల్లలును నూతన సాధనముల విషయమున వెనుకబడియుండుట కనబడెను. 2022 మార్చిలో అచ్చటి ప్రమాణసంస్థ మొదటి రకపు పిల్లలందరికి నిరంతర కొలత సాధనము ఇవ్వవలెనని సూచించెను. అమెరికాలో భీమాపత్రము, ఇంగ్లండులో పేట, రెండు చోట్లను వైద్యుని ముందస్తు అంచనా ఈ భేదమునకు కారణములని తలచుటకు వీలున్నది. ‘వీరు యంత్రమును వాడలేరు’ అను అంచనా యంత్రము ఇవ్వకముందే చేయబడుచున్నది.

7. కొలతలోనే ఉన్న భేదము

పై చెప్పినదంతయు సాంఘికమైన భేదము. రక్తములోనే యున్న భేదము కొంత కలదు. దానిని దాచరాదు, పెంచి చెప్పరాదు. 1968లో ఇరానుదేశపు శాస్త్రజ్ఞుడు శామ్యూల్ రహ్‌బర్ మధుమేహ రోగుల హీమోగ్లోబినులో విశేషము గుర్తించెను. అదియే ఎ1సి పరీక్షకు మూలము. చక్కెర ఎర్రకణములలోని హీమోగ్లోబినునకు అంటుకొనును. ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. కావున అంటిన చక్కెర పాళ్ళు రెండు మూడు నెలల సగటును తెలుపును.

2017లో అమెరికాలో 104 మంది నల్లజాతివారిని, 104 మంది శ్వేతజాతివారిని నిరంతర సాధనముతో పరిశీలించినప్పుడు, సగటు చక్కెర సమముగా నున్నను నల్లవారి ఎ1సి అంకె సుమారు 0.4 హెచ్చుగా వచ్చెను. 9.6కును 8.4కును గల వ్యత్యాసములో మూడింట ఒక పాలు దీనివలన కావచ్చును. తక్కిన రెండు పాళ్ళకు రక్తమును నిందింపరాదు.

భారతదేశమున ఈ విషయము వేరొక రూపము దాల్చును. ఇచ్చటి ముఖ్యప్రశ్న వర్ణము కాదు, ఎర్రకణముల స్వభావము. 1952లో లేమన్, కట్‌బుష్ అనువారు నీలగిరి ఆదివాసులలో కొడవలి కణములను కనుగొనిరి. తరువాత ఆదిలాబాదు గోండులలోను, ఠాణా, పాల్ఘర్ ప్రాంతపు ఆదివాసులలోను అవి గుర్తింపబడినవి. థలసీమియా వాహకులు దేశమంతటను కలరు. ఇట్టివారి యెడ ఎ1సి అంకె తప్పుత్రోవ పట్టింపగలదు. ఇనుము కొరతవలని రక్తహీనత ఆ అంకెను ఉన్నదాని కంటె హెచ్చుగా చూపును. మన పిల్లలలో రక్తహీనత ఎంత సామాన్యమో చెప్పనక్కరలేదు. కావున మూడు నెలల కొకసారి ఎ1సి చూచిన చాలునని తలచుట ఇచ్చట ప్రమాదము. వ్రేలి చుక్కయే నమ్మదగిన సాక్షి.

8. మాన్కోలి, భివండి నేతవారి యిండ్లలో

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 లెక్కల ప్రకారము ఇరువదేండ్లలోపు మొదటి రకపు రోగులు భారతదేశమున సుమారు 2,29,000 మంది. ఏ దేశమునందును ఇంతమంది లేరు. భారత వైద్య పరిశోధన మండలి 2006లో యువరోగుల నమోదును ఆరంభించి, 2022లో మొదటి రకమునకు ప్రత్యేక మార్గదర్శకములను ప్రకటించెను. గృహపరీక్ష చికిత్సలో భాగమేనని ఆ గ్రంథము చెప్పుచున్నది. బాలరోగుల అంతర్జాతీయ సంఘము దినమునకు ఆరు మొదలు పది మారులు కొలువవలెననుచున్నది.

ఈ వాక్యమును నేతకూలి లెక్కలోనికి మార్చి చూడవలెను. దినమునకు నాలుగే మారులనుకొన్నను నెలకు నూటయిరువది పట్టీలు. పట్టీ పదునైదు రూపాయలైనచో నెలకు పదునెనిమిది వందల రూపాయలు. ఇన్సులిను, సూదులు దీనికి వేరు. నిరంతర కొలత సాధనము రెండు వారములకే కొన్నివేల రూపాయలు. ఇచ్చట జాతి యని చెప్పబడు భేదము గడపలో నిలిచి పట్టీల డబ్బాను లెక్కించుచున్నది. తండ్రి దినమునకు ఒక్క పట్టీ చాలుననును. ఆ ఒక్కటి ఉదయముననే వాడబడును. అర్ధరాత్రి చక్కెర తగ్గినప్పుడు చూచుటకు మిగులదు.

ఖరీదుతో తీరని అడ్డంకులు మరి మూడు కలవు. మొదటిది వేడి. పట్టీలు సామాన్యముగా ముప్పది డిగ్రీల లోపుననే భద్రము. ఇన్సులినుకు ఇంకను చల్లదనము కావలెను. రేకుల కప్పు క్రింద సాంచెల ప్రక్కన నివసించువారికి శీతలపేటిక లేనప్పుడు తడిపిన మట్టికుండయే శరణ్యము. కాల్చిన మట్టికుండ లోపలి వేడిని బయటి కంటె తగ్గించునని పరిశీలనలు చూపినవి; తెలుగింటి కుండకు ఇది క్రొత్త గౌరవము.

రెండవది భాష. ఇంట తెలుగు, వీధిలో హిందీ, ఉర్దూ, కార్యాలయమున మరాఠీ, యంత్రముపై ఆంగ్లము. చక్కెర మిక్కిలి హెచ్చి యంత్రపు హద్దు దాటినచో అంకె రాదు. ‘హై’ అను ఆంగ్లపదము కనబడును. మిక్కిలి తగ్గినచో ‘లో’ అని కనబడును. అంకె రానందున యంత్రము చెడినదని తలచు తల్లి, వాస్తవమునకు అది మొరపెట్టుచున్న క్షణముననే దానిని ప్రక్కకు పెట్టును. ఈ రెండు మాటలను తెలుగులో వ్రాసి గోడకు అంటించుటకు ఖర్చు లేదు.

మూడవది, అన్నిటికంటె గొప్పది, మొదటి కొలత. అతిదాహము, పక్క తడుపుట, చిక్కిపోవుట, కడుపునొప్పి, వాంతులు, ఎగశ్వాస ఉన్న బిడ్డను జ్వరమనియు, ఉబ్బసమనియు, గాలి సోకినదనియు త్రిప్పుచుండగా రక్తము ఆమ్లమై ప్రాణము పోవును. అట్టి బిడ్డకు ఏ చిన్న వైద్యశాలలోనైనను వ్రేలి చుక్క ఒక్కటి చూచినచో జబ్బు బయటపడును. అచ్చటినుండి కల్వాలోని పెద్దాసుపత్రికో, ముంబయిలో 1929 నుండి నడచుచున్న వాడియా బాలల ఆసుపత్రికో చేర్చు దారి ఉన్నది. దారి లేక కాదు, కొలత లేక బిడ్డలు పోవుదురు.

9. ఉపసంహారము

ఈ చరిత్రవలన మూడు విషయములు తేలుచున్నవి. ఒకటి, మధుమేహమునకు వేయబడిన జాతి ముద్రలు కాలమునుబట్టి మారినవి; అవి వ్యాధిని గూర్చి కంటె వ్రాసినవారిని గూర్చి ఎక్కువ చెప్పుచున్నవి. రెండు, రక్తమున గల నిజమైన భేదము చిన్నది, కొలువదగినది. దానికి ఉపాయము ఎ1సితోపాటు వ్రేలి చుక్కను నమ్ముట. మూడు, పెద్ద భేదము సాధనము చేతికందుటలో నున్నది. అమెరికాలో అది వర్ణము పేరిట, ఇంగ్లండులో పేట పేరిట, భివండిలో కూలి, భాష, వలస పేరిట కనబడుచున్నది.

తెలుగు సంఘములు వలసవారికి భాషను, పండుగలను నిలిపినవి. ఆ సంఘముల చేతులలోనే యున్న పనులు కొన్ని కలవు. వ్యాధి లక్షణములను తెలుగున అచ్చువేసి పాఠశాలలలో ఉంచుట, ఉపాధ్యాయునకు యంత్రము చదువ నేర్పుట, పట్టీలను కలిసి కొని తక్కువ ధరకు పంచుట అట్టివి. పోగును తెగకుండ చూచుకొనుట నేతవాని నిత్యధర్మము. తెగినదని వెంటనే తెలిసినచో ముడి వేయవచ్చును. తెలియకున్న బారలకొలది గుడ్డ చెడును. బిడ్డ రక్తమును వేళకు కొలుచుట ఆ తెలియుటకే.